ఇప్పపువ్వు బండిలో వచ్చిన రోగులు

నేను ఆడిన బేరాలన్నిటిలోకీ గొప్ప బేరం వల్ల ఒక ఆసుపత్రి మూతపడబోయింది. ఈ మాట చెప్పుకునే భాగ్యం బస్తర్‌లో ఇంకెవరికీ దక్కి ఉండదు. రాయ్‌పూర్‌లో ఒక బోర్డింగ్ స్కూలు ఎత్తేస్తుంటే అక్కడి ఇనుప మంచాలు ఇరవై నాలుగు, మూడో వంతు ధరకి కొట్టుకొచ్చాను. అమ్మేవాడు రెండుసార్లు లేచి వెళ్లిపోయాడు, నేను మూడుసార్లు లేచి వెళ్లిపోయాను. చివరికి పరుపులు కొసరుగా వేయించుకున్నాను. ఖాళీగా తిరిగొచ్చే లారీని పట్టుకుని జగదల్‌పూర్ దాకా, అక్కణ్ణించి ఎడ్లబండ్ల మీద దోర్నపాల్ దాకా చేర్చాను. దారిలో ఒక్క మంచం కోడు వంకర పోలేదు.

ఆ మంచాలు వేసిన కొద్ది నెలలకే మా దోర్నపాల్ వార్డు ఖాళీ అయింది.

ఆసుపత్రి నడిపే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, స్టోరు ఎలా పెట్టాలి, మందులు ఎక్కడ కొనాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. నేను ఈ మంచాల సంగతి చెబుతాను.

కొట్టు నాకెందుకు రాలేదు

మా నాన్నకి భోపాలపట్నం బజారులో ఉప్పు, పొగాకు, నూలు బట్టల కొట్టు. అన్నదమ్ములం ముగ్గురం. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో హిందీ, సంతలో హల్బీ, గోండీ. మీసాలు రాకముందే నాలుగు భాషల్లో "గిట్టదు" అనడం మాకు వచ్చు. ముగ్గురిలో బేరం నేనే బాగా ఆడేవాణ్ణి. అయినా కొట్టు నాకు రాలేదు. నాన్న ఒకరోజు కొట్లో గిరాకీల ముందే అనేశాడు.

"నీకు బేరం గెలవాలిరా. మనిషి మళ్లీ రావాలని లేదు."

అలా నేను ఆసుపత్రి పాలయ్యాను. బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. ఎక్కడో యుద్ధం జరుగుతోంది, ఇక్కడ మందులు దొరకడం లేదు. కొందరు వర్తకులు, డాక్టర్లు కలిసి చందాలతో నడిపే ధర్మాసుపత్రి మాది. జగదల్‌పూర్‌లో పెద్దది, దోర్నపాల్‌లో ఒక శాఖ. తర్వాత బాసగూడలోనూ పెట్టాం. నా ఉద్యోగానికి ఏదో పేరుండేది గానీ, మందు ఇవ్వడం తప్ప మిగిలినదంతా నా పనే. బియ్యం, కిరసనాయిలు, కట్టుబట్ట, పెంకులు, ఎడ్ల మేత. రోగులు నన్ను సావుకారి అనేవాళ్లు. ఉప్పు కొట్టు వదిలినా ఉప్పు వదల్లేదు.

మా పెద్ద డాక్టరు సుభద్రమ్మ గారిది బందరు. జగదల్‌పూర్‌లో ఉండేవారు, నెలకోసారి దోర్నపాల్ వచ్చి చూసేవారు. మిగతా రోజుల్లో అక్కడ ఒక కాంపౌండరు, ఒక నర్సమ్మ, నేను. సుభద్రమ్మ గారు తిట్టరు. ఒక ప్రశ్న వేసి ఊరుకుంటారు. అది తిట్టుకన్నా ఖరీదైనది. ఆవిడలో లోపం ఏమిటంటే, కత్తీ సూదీ తనవి, గోడలూ మంచాలూ నావి అని గీత గీసుకుని, గీతకి ఇవతల ఏం జరుగుతోందో చూసేవారు కాదు. పైన పనిచేసేవాళ్లు కిందివాళ్లని నమ్మాలి, కానీ అప్పుడప్పుడు తొంగి చూడాలి.

మంచం మీద మూట

మంచాలు రాకముందు దోర్నపాల్ వార్డు ఒక పొడుగాటి పెంకుల చావడి, వెనక ఒక వరండా. రోగి చాప మీద, రోగి పెళ్లాం పక్కన, పిల్లలు కాళ్ల దగ్గర. వెనక వరండాలో ఎవరి మూడు రాళ్లు వాళ్లు పెట్టుకుని వండుకునేవాళ్లు. పొగకి పెంకులు నల్లగా మాడి ఉండేవి. చందాలిచ్చే పెద్దలు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

అందుకని మంచాలతోపాటు వార్డుని కూడా బాగుచేశాను. వరండాకి గోడ కట్టించి లోపల కలిపేశాను. సున్నం వేయించాను. భోపాలపట్నం నుంచి వంటమనిషిని పిలిపించి, అందరికీ ఒకే వంట, ఉచితంగా, అన్నాను. ఒక పొయ్యి కట్టెలతో ఇంతమందికి వండితే ఎంత మిగులుతుందో మా నాన్నకి చూపించాలనిపించింది. పెద్దలు వచ్చి రెండు వరసల తెల్లటి పరుపులు చూసి నా మెడలో దండ వేశారు.

ఆ వారంలోనే గమనించాను. మంచం మీద మూట ఉంటుంది, మంచం కింద మనిషి ఉంటాడు. మూటలు తీసి మనుషుల్ని పైకెక్కించమని నర్సమ్మకి చెప్పాను. ఆమె ఎక్కించేది, అటు తిరిగేలోపు దిగేవాళ్లు. తర్వాత మూటలూ లేవు, మనుషులూ లేరు.

దిగిపోవడానికి కారణం మంచమైతే, వెళ్లిపోవడానికి కారణం పొయ్యి. ఒంట్లో బాగా లేనప్పుడు అడవి ఇళ్లవాళ్లు ఎవరో తెలియని చేయి, ఎవరిదో తెలియని నిప్పు మీద వండింది తినరు. తమ ఇంటివాళ్లు, కాకపోతే దాయాదులైన పాలివాళ్లు వండాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు సంతలో వాళ్ల పక్కనే కూర్చుని పెరిగాను. తెలిసి కూడా, ఉచితంగా మంచి బియ్యం వండి పెడుతుంటే వద్దనే మనిషి ఉంటాడా అనుకున్నాను. ఉచితం అనే మాట కొట్లో పుట్టినవాడికి అంత పెద్దది.

ముచాకి కోసి అనే పేరున్న ఒక బాలింత జ్వరంతో వచ్చింది. మూడు రాళ్లు పెట్టుకోను చోటెక్కడ అని ఆమె మొగుడు అడిగాడు. వంట మేమే పెడతాం, పొగ ఎందుకు అన్నాను. అతను కొత్త గోడ వంక చూశాడు. ఆ మధ్యాహ్నమే ఆమెను కావడి డోలీలో వేసుకుని వెళ్లిపోయారు. తమ ఇష్టప్రకారం వెళ్లారని జగదల్‌పూర్‌కి కబురు పెట్టాను. అది నిజమే. కొట్లో అలాంటి నిజాలు చాలా చెప్పేవాళ్లం. ఆమె బతకలేదని తర్వాత సంతలో విన్నాను.

ఎలుగు

ఇప్పచెట్లు పువ్వు రాల్చే రోజులొచ్చాయి. దక్షిణ బస్తర్‌లో ఆ కొద్ది వారాల పువ్వుతోనే ఉప్పూ బట్టా వస్తాయి, వానాకాలం తిండికి ఆసరా అవుతుంది. ప్రతి చెట్టూ ఏదో ఒక ఇంటిది. తెల్లవారకముందే ఇల్లంతా చెట్టు కిందికి పోతుంది. ఎలుగుకీ పువ్వంటే ప్రాణం, అదీ అప్పుడే వస్తుంది.

కుంజం జోగయ్యని పడమటి అడవి నుంచి డోలీలో మోసుకొచ్చారు. ముఖం సగం లేదనిపించింది. ఆ వారం సుభద్రమ్మ గారు దోర్నపాల్‌లోనే ఉన్నారు. రోగులు లేని వార్డుని వానలకి ముందే మూసేద్దామని చందాదారుల కమిటీ అంటోంది, చూసి చెప్పడానికి వచ్చారు. చూడ్డం మానేసి మధ్యాహ్నం దాకా కుట్లు వేశారు. ఒక కన్ను పోయింది. చేతులు కడుక్కుంటూ నా వైపు తిరిగారు.

"నాగభూషణం గారూ, రోజూ కట్టు మార్చాలి. పువ్వు రాలడం అయిపోయేదాకా ఇక్కడుంటే బతుకుతాడు. ఇంటికి పోతే చీము పడుతుంది, పోతాడు. కుట్టడం నా పని. ఉంచడం మీ పని."

జోగయ్య భార్య భీమె తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. మాట్లాడేది దోర్లీ, మా సరిహద్దు తెలుగుకి దగ్గరే. ఏడవడం లేదు. ఎలా జరిగిందని అడిగాను.

"ఎట్లంటే ఏంది. అదీ పువ్వుకే వచ్చె, మేమూ పువ్వుకే పోతిమి. ఎవల పని వాళ్లు చేసుకున్నం."

తర్వాత మొగుడు పడుకున్న మంచం వంక చూసింది. "బతికున్నోణ్ణి ఇంత ఎత్తున ఎవలు పెడతరు సావుకారీ? పాడె మీద గదా పెట్టేది." డోలీ మోసుకొచ్చిన మరదితో కలిసి అతన్ని చాప మీదికి దించింది. మర్నాడు ఇంటికి తీసుకుపోతానంది. చెట్టు కింద పువ్వు పడి ఉంది, ఏరే చేయి లేదు. ఇక్కడ వండటానికి నిప్పు లేదు.

చెట్టుకి బేరం

బేరం మొదలుపెట్టాను. బియ్యం ఇస్తానన్నాను, తల ఊపలేదు. ఉప్పు కలిపాను. చీర కలిపాను. అవతలి మనిషి నోరు తెరవకుండానే నా ధర నేనే పెంచుకుంటూ పోవడం జీవితంలో అదే మొదలు. భోపాలపట్నంలో ఎవరైనా చూసి ఉంటే మా ఇంటిపేరు పోయేది.

చివరికి తురుపు ముక్క వేశాను. నీ చెట్ల మీదున్న పువ్వంతా నేనే కొనేస్తాను, దోర్నపాల్ కూలీల్ని పంపి ఏరిస్తాను, నువ్వు ఇక్కడే కూర్చో, అన్నాను.

భీమె నన్ను కింద నుంచి పైదాకా చూసి, మరదిని డోలీ కర్ర తెమ్మంది.

ఏం తప్పు మాట్లాడానో నాకర్థం కాలేదు. మరదే చెప్పాడు. మొదటి పువ్వు ఇంట్లో పోయిన పెద్దలకి పెట్టాలి, ఇంటి చేత్తోనే పెట్టాలి. అది జరగకుండా పరాయి బుట్ట చెట్టు కిందికి రాకూడదు. భీమె అంత ఓపిగ్గా చెప్పలేదు.

"మా అత్తా మామా ఇంక తినలే. నీ కూలోళ్లు వచ్చి ఏరుకపోతరా? మీ అయ్య దినం గూడ గుత్తకిస్తవా సావుకారీ?"

మా నాన్న తద్దినం అప్పటికి పది రోజులుంది. మరది కర్ర తెచ్చాడు, తాళ్లు చూసుకుంటున్నాడు. సుభద్రమ్మ గారు అవతల గదిలో ఉన్నారు, రాలేదు. పిలిస్తే వచ్చి భయపెట్టి ఉండేవారేమో. భయపెడితే ఆ పూట ఉంటారు, మర్నాడు పోతారు.

అప్పుడు నేను నేల మీద కూర్చున్నాను. తెలివి వచ్చి కాదు, పెంచడానికి ఇంకో ధర లేక. ఎంత కావాలని ఆమెను చాలాసార్లు అడిగాను గానీ ఏం కావాలని అడగలేదు. ఇప్పుడది అడిగాను.

భీమె చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకి నిప్పు కావాలి. తను పువ్వుకి పోయినా పాలివాళ్ల ఆడవాళ్లు వండొచ్చు, వాళ్లదీ తమదీ ఒకే పొయ్యి కింద లెక్క. వంతులవారీగా వస్తారు. కానీ వచ్చినవాళ్లకి వాళ్ల పువ్వు ఆగిపోతుంది. దోర్నపాల్ సంతలో తమ పువ్వు కూడా అమ్ముకోగలిగితే వస్తారు. అంత దూరం నెత్తిన మోసుకు రాలేక, ఊళ్లోనే వచ్చి కొనేవాడికి వాడు చెప్పిన ధరకే పోస్తున్నారు.

"కొనేదెవరు?" అన్నాను.

"ఇంకెవలు. మీ బావ మనిషే."

దోర్నపాల్‌లో పువ్వు కొనే పెద్ద వర్తకుడు మా అక్క మొగుడు. ఆ సంగతి ఆమెకి తెలుసని అప్పుడు తెలిసింది. నేనెవరో తెలిసే ఇంతసేపు నన్ను వాగనిచ్చింది.

ఆసుపత్రికి ఒక ఎడ్లబండి ఉంది. రోగులు లేక ఎద్దులు బలుస్తున్నాయి. సంతకి ముందురోజు బండి మీ ఊరు పంపుతాను, పువ్వు వేసుకుని, వంట వంతు వచ్చినామెతో సహా అందులో రండి, కిరాయి లేదు, అన్నాను.

"తిరిగి పోయేటప్పుడు?"

"తిరిగి పోయేటప్పుడూ అంతే."

"ఉప్పు మూటలు ఏసుకుంటం."

"వేసుకోండి. కానీ బండిలో ఒక మూల నాది. మీ ఊళ్లోగాని, దారిలో ఊళ్లలోగాని, జ్వరం మనిషి, నొప్పులు పడే మనిషి ఎవరున్నా ఎక్కించాలి."

భీమె ఆలోచించింది. "మనుషులు ఎక్కువైతే మా పువ్వు దింపమంటవు."

"దింపమనను. కాళ్లు ముడుచుకోమంటాను."

ఆమె మొదటిసారి నవ్వింది. మరదిని కర్ర అవతల పెట్టమంది.

ఆ సాయంత్రమే మేస్త్రీని పిలిచి వరండా గోడ పడగొట్టమన్నాను. కట్టింది వాడే. నా మొహం చూసి, "మళ్లీ ఎప్పుడు కట్టమంటారు బాబూ?" అని అడిగాడు. వాడి చేతికి గునపం అందించాను.

పువ్వుకి జ్వరం

భీమె మొదటి పువ్వు పెద్దలకి పెట్టి, ఆ వారం బండిలో వచ్చింది. బుట్టల మధ్య చలిజ్వరంతో ఒక ముసలాయన, ఆయన కాళ్లు నిజంగానే ముడుచుకుని ఉన్నాయి. తర్వాతి వారం ఇద్దరొచ్చారు. ఆ పైన దారిలో ఊళ్లవాళ్లు మా ఊరూ రమ్మన్నారు. బండి అడిగింది పువ్వు కోసమే. ఆసుపత్రి బండి అని ఎవరూ అనలేదు, పువ్వు బండి అన్నారు. పువ్వు అయిపోయాక చింతపండు బండి అన్నారు. ఏ పేరైతేనేం, చాపలు నిండాయి. వార్డు మూసే మాట కమిటీ ఎత్తలేదు.

కమిటీ ఎత్తిన మాట వేరే. సంతలో నలుగురు వర్తకులు ఎదురెదురుగా కూర్చుంటే పువ్వు ధర ఊళ్లో చెప్పినట్టు చెప్పలేరు. మా బావ ఒకరోజు ఆసుపత్రి గడపలో నిలబడి, లోపలికి రాకుండానే మాట్లాడాడు.

"ధర్మాసుపత్రి మనుషులకనుకున్నా బావమరిదీ. పువ్వుక్కూడా జ్వరమొచ్చిందా?"

నేను నవ్వేసి మజ్జిగ తాగమన్నాను. తాగలేదు. నుక్సాన్ తనకీ, పుణ్యం నాకూనా అని, తన చందాతో కొన్న ఎద్దులు తన మాలుకే అడ్డం వస్తున్నాయని జగదల్‌పూర్‌లో కమిటీ ముందు పెట్టాడు. అది అబద్ధం కాదు. ఆ ఎద్దుల్లో ఒకటి నిజంగా ఆయన ఇచ్చిందే. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది వర్తకులు. వాళ్లు సుభద్రమ్మ గారిని అడిగారు.

"గాజుసామాను గడ్డిలో పెట్టి తెస్తారు కదండీ," అన్నారావిడ. "మేము రోగుల్ని పువ్వులో పెట్టి తెస్తున్నాం. గడ్డి తీసేయమంటారా?"

వర్తకులకి ఆ భాష అర్థమైంది. నలుగురు నవ్వారు, బండికి అడ్డు తొలగింది. గీతకి ఇవతల సంగతులు ఆవిడ పట్టించుకోరని పైన రాశాను. ఆ రోజు గీత దాటి వచ్చారు. అదీ రాయాలి.

కొసరు

జోగయ్య పువ్వు అయిపోయేదాకా ఉన్నాడు. పాలివాళ్ల ఆడవాళ్లు మాట తప్పలేదు. ఒంటికన్నుతో, కుట్ల ముఖంతో లేచి నడిచిన రోజు, తన ముఖం గిన్నెలోని నీళ్లలో చూసుకుని, ఎలుగు ఇప్పుడెలా ఉందో అన్నాడు.

వెళ్లే రోజు భీమె నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "కొసరు?"

బేరమంతా అయింది కదా, ఇంకేం కొసరు అన్నాను.

వెనక వరండాలో తన మూడు రాళ్లు చూపించింది. ఊరి వాగులోంచి బండిలో తెచ్చుకున్న నున్నటి నల్లరాళ్లు. "అవి ఆడనే ఉంటయి. ఎవలూ తియ్యొద్దు. మా ఊరోళ్లు ఎవలొచ్చినా మా పొయ్యి మీదనే వండుకుంటరు."

సరేనన్నాను. అంత చవగ్గా వదిలిందేమిటా అని నాలో నేను మురిసిపోయాను కూడా. తర్వాత పక్క ఊరివాళ్లు వాళ్ల వాగు రాళ్లు తెచ్చారు. ఆ తర్వాత ఇంకో ఊరు. వరండా చాలక పొయ్యిల పాక వేశాం. ఒక ఊరి రాళ్లుంటే ఆ ఊరికి ఆసుపత్రిలో వాటా ఉన్నట్టే. పెంకులు ఎగిరిపోతే వాళ్లే వచ్చి కప్పేవారు, నర్సమ్మ లేకపోతే ఎందుకు లేదని నన్ను నిలదీసేవారు. వాటాదార్లు అలాగే ఉంటారు. బాసగూడలో శాఖ పెట్టినప్పుడు ముందు పొయ్యిల పాక వేసి, ఆ తర్వాత వార్డు గోడలు లేపాం. అక్కడికి ఇంజనీరుగా వచ్చిన కుర్రాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అతనికి ఈ కథంతా చెప్పే ఓపిక లేక, ఇది రూలు అన్నాను.

మీరూ ఏ ఊళ్లో చేరినా, ముందు రోగి ఇంటివాళ్లు ఎక్కడ కూర్చుంటారో, ఏం తింటారో, ఆ రోజుకి వాళ్లకి ఆగిపోయిన పని ఏమిటో కనుక్కోండి. పరుపుల గురించి తర్వాత ఆలోచించవచ్చు.

చివరి లెక్క

సంస్థానం పోయింది, ఉద్యోగం అయిపోయింది. కొట్టు కట్టేసేముందు లెక్క చూసుకోవడం మా ఇంటి అలవాటు. నాది ఇదీ.

నష్టం వైపు. ఇరవై నాలుగు మంచాల్లో కుట్లు వేసినవాళ్ల కోసం నాలుగు ఉంచి, మిగిలినవి ఒక రోడ్డు కాంట్రాక్టరుకి అమ్మాను. నేను రాయ్‌పూర్‌లో లేచి వెళ్లిపోయినట్టే వాడూ లేచి వెళ్లిపోయాడు, నా కన్నా ఒకసారి ఎక్కువ. కొసరు పరుపులు ఎలుకలు తిన్నాయి. గోడ కట్టిన ఖర్చు, కూల్చిన ఖర్చు రెండూ నావే. మా బావ చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. మా అమ్మాయి పెళ్లికి వచ్చి, భోంచేసి, నన్ను దాటుకుని వెళ్లాడు. అక్క ఇంటి గడప నేను తొక్కలేదు. జోగయ్య కన్ను ఎలుగు ఖాతాలోది, నేను వేసుకోను.

లాభం వైపు. పువ్వు బండిలో, చింతపండు బండిలో కాళ్లు ముడుచుకుని వచ్చి, కాళ్లు చాపుకుని పోయినవాళ్లు. ఎంతమందో చెప్పలేను, చెప్పగలిగినంత మందే అయితే చెప్పేవాణ్ణి. బాలింతలు, చలిజ్వరాలవాళ్లు, గొడ్డలి దెబ్బలవాళ్లు. నాలుగు భాషల్లో నన్ను తిట్టగల వాటాదార్లు. పొగకి మళ్లీ నల్లబడిన పెంకులు. ఆ పెంకులు చూస్తే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది, దాచుకోను. గిరాకీని పోగొడతాడని నాన్న చేత అనిపించుకున్న కొడుకు పెట్టిన కొట్టు అది.

దీంట్లోంచి దాన్ని తీసేసి మిగులు చూడమంటుంది కొట్టు బుద్ధి. మిగులు చాలా ఉంది. కానీ తీసివేతకి ఒప్పుకోని పద్దు ఒకటుంది. ముచాకి కోసి, బాలింత. ఆమె మొగుడు నన్ను మూడు రాళ్లకి చోటు అడిగాడు, డబ్బూ అడగలేదు, బియ్యమూ అడగలేదు. నేను లేదన్నాను. తర్వాత వచ్చిన ఏ బాలింత బతికినా దీనికి చెల్లు వేయలేదు. ఆ పద్దు విడిగా, నా పేరు కిందే ఉంది.